నొప్పి తగ్గిన పూట

“తగ్గిపోయింది,” అంది అత్తగారు.

ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, తాళం వేసిన గదిలో ఉన్న కోడలు తప్ప.

కోడలు తలుపుకి చెవి ఆనించి నిలబడి ఉంది. తెల్లవారినప్పటి నుంచీ ఆమె చేస్తున్న పని అదొక్కటే. హాల్లో కూర్చున్న అత్తగారు ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని కేక పెట్టడం, ఆవిడ కొడుకు వేడినీళ్ళ సంచీ కోసం ఇల్లంతా గాలించడం, తమ పాప ఏడుపు లంకించుకుంటే లోపలి గదిలోకి తీసుకెళ్ళి బొమ్మల ముందు కూర్చోబెట్టడం, అన్నీ చెవులతోనే చూసింది. ఇంతసేపూ ఆగకుండా వినిపించిన మూలుగు ఇప్పుడు ఆగిపోయింది. తగ్గిపోయిందన్న ఆ గొంతులో నిజంగానే నొప్పి లేదు. అందుకే కోడలికి భయం వేసింది.

ఆమె సర్జన్. పొట్టలు కోసి బాగుచేయడం ఆమె వృత్తి. అంత నొప్పి మందూ మాకూ లేకుండా తనంతట తను మాయమైతే సంబరపడకూడదని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

“మెల్లమెల్లగా తగ్గిందా, ఒక్కసారిగానా?” అని తలుపులోంచి అడిగింది.

జవాబు వస్తుందని ఆమె అనుకోలేదు. అత్తాకోడళ్ళ మధ్య మాటలు ఆగిపోయి చాలా రోజులైంది.

“ఒరేయ్ అబ్బాయ్,” అంది అత్తగారు కొడుకుతో, తలుపు అవతలికి కూడా వినపడేలా. “ఎలా తగ్గితేనేం, తగ్గిందని చెప్పు డాక్టరమ్మకి.”

కోపంగా ఉన్నప్పుడు డాక్టరమ్మ. ప్రేమగా ఉన్నప్పుడు అమ్మాయ్. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో అదే వాడుక. ఈ మధ్య అమ్మాయ్ అన్న పిలుపు ఎవరికీ వినపడలేదు.

దానికంతటికీ కారణం మోకాళ్ళు. అత్తగారి మోకాళ్ళు అరిగిపోయి చాలాకాలమైంది. బతిమాలగా బతిమాలగా చివరికి ఆపరేషన్‌కి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఆవిడ హుషారు ఇంతా అంతా కాదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన సంచీ ముందే సర్దేసుకుంది. కొత్త చెప్పులు కూడా కొని పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఊరి మీద ఈ అంటుజబ్బు వచ్చిపడింది. ఆస్పత్రిలో మంచాలన్నీ జ్వరం వాళ్ళకే చాలలేదు. ఏ ఆపరేషన్లు ఆగగలవో, ఏవి ఆగలేవో తేల్చమని డాక్టర్లని కూర్చోబెట్టారు. ఆ కూర్చున్నవాళ్ళలో కోడలు ఒకతి. మోకాళ్ళు ఆగగలవని అందరికంటే ముందు చెయ్యెత్తింది కూడా ఆమే.

అది న్యాయమే. తప్పెక్కడంటే, ఆ సంగతి ఇంటికొచ్చి తన నోటితో చెప్పలేకపోయింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే ఆస్పత్రి గుమాస్తా ఫోన్ చేసి, మీ కోడలుగారే స్వయంగా వాయిదా వేయించారండీ, అని ఎంతో మర్యాదగా చెప్పేశాడు.

“పరాయివాళ్ళ మోకాళ్ళయితే కాస్త జాలిపడేదానివి,” అంది అత్తగారు ఆ సాయంత్రం. ఆ తర్వాత కోడలితో మాట్లాడడం మానేసింది.

ఈ జబ్బు రోజుల్లో సర్జన్‌కి పని లేకుండా పోయిందంటే బయటివాళ్ళు నమ్మరు. కత్తి పట్టాల్సిన చేతులతో కోడలు జ్వరం వార్డులో రోగుల్ని బోర్లా తిప్పింది, ఊపిరాడని వాళ్ళ చెవి దగ్గర ఫోన్ పట్టుకుని ఇంట్లోవాళ్ళ మాటలు వినిపించింది. అక్కడ ఆమెకి తెలిసిన విద్య ఒక్కటీ పనికి రాలేదు. ఇంతలో పక్కనే నిలబడి పని చేసిన, మత్తుమందు ఇచ్చే డాక్టరు మంచాన పడ్డాడు. ఆమె తన నమూనా పరీక్షకిచ్చి, ఇంటికొచ్చి హాలు చివరి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

వేసుకున్న తలుపు ఎన్నాళ్ళు నిలిచింది? పాప కుర్చీ మీంచి పడి నుదురు పగలగొట్టుకుని కెవ్వుమంటే ఒక్క ఉదుటున బయటికొచ్చి ఎత్తేసుకుంది. ఎత్తుకున్నాక గుర్తొచ్చింది, ఎత్తుకోకూడదని. ఆ రోజే అత్తగారు ఆ తలుపుకి బయటినుంచి తాళం వేసేసింది.

“కొంతమందికి మనసాగదు. అందుకే తాళాలు పుట్టాయి,” అని గోడతో చెప్పింది. ఆవిడ ఈ మధ్య కోడలికి చెప్పాల్సినవన్నీ గోడకే చెబుతోంది.

పాతకాలపు తలుపది. తాళంచెవి లోపలినుంచి పెట్టినా తిరుగుతుంది, బయటినుంచి పెట్టినా తిరుగుతుంది. కానీ ఉన్న చెవి ఒక్కటే. దాన్ని అత్తగారు దారానికి గుచ్చి మెడలో వేసుకుంది. నొప్పితో మెలికలు తిరిగిపోతూ కూడా, కొడుకు ఎంత బతిమాలినా, దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

కోడలు తలుపు దగ్గర్నుంచి కిటికీ దగ్గరికి వచ్చి మొగుణ్ణి పిలిచింది. ఆ కిటికీ పక్క సందులోకి ఉంది. పళ్ళేలు లోపలికొచ్చేదీ, ఖాళీవి బయటికెళ్ళేదీ దానిలోంచే. కిటికీ ఊచల నిండా నల్లదారం ముడులు వేలాడుతున్నాయి. అవన్నీ ఆమె వేసినవే. చేతివేళ్ళు విద్య మరిచిపోతాయేమోనన్న భయంతో, ఒంటి చేత్తో వేసే ముడి, రెండు చేతుల ముడి, కంటికి కనపడని లోతులో వేసే ముడి, పాప బొమ్మలబట్టలు కుట్టే దారంతో రోజంతా వేస్తూ కూర్చుంటుంది. ఇక ముడి వేయడానికి ఆ ఊచల మీద చోటు లేదు.

మొగుడు సందులోకి వచ్చి నిలబడ్డాడు. పటాలు కట్టే దుకాణం అతనిది. ఇప్పుడు మూసేసి ఉంది. మనిషి మెత్తన. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఇన్నాళ్ళూ టపా మోసి మోసి అతని ముఖం పీక్కుపోయింది.

“అమ్మ లేచి కూర్చుంది. టీ పెట్టమంటోంది,” అన్నాడు సంతోషంగా.

“వద్దు. గుక్కెడు మంచినీళ్ళు కూడా ఇవ్వకు. వెళ్ళి ఆవిణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి వెయ్యి. నెమ్మదిగా నొక్కి చూసి వచ్చి నాకు చెప్పు.”

“ఏం చూడాలి?”

“మెత్తగా ఉందో, గట్టిగా ఉందో.”

అతను వెళ్ళాడు. హాల్లో కాసేపు తల్లీకొడుకులు వాదించుకున్నారు. నా పొట్ట మీద నీకేం పని, అని ఆవిడ. ఒక్క నిమిషం అమ్మా, అని ఇతను. చిన్నప్పుడు నీ పొట్ట నేను తడిమి చూసేదాన్ని, ఇప్పుడు నువ్వు పెద్ద వైద్యుడివయ్యావా, అని మళ్ళీ ఆవిడ. తర్వాత ఆవిడ పడుకున్న చప్పుడు.

కోడలు రెండు అరచేతులూ తలుపుకి ఆనించి నిలబడింది. తలుపుకి అటుపక్క పట్టుమని పది అడుగులు కూడా లేని దూరంలో ఉంది ఆ పొట్ట. ఒక్కసారి చెయ్యి వేస్తే చాలు, లోపల ఏం జరిగిందో వేళ్ళు చెప్పేస్తాయి. ఇన్నేళ్ళ చదువూ అందుకే కదా. ఇప్పుడు తన వేళ్ళకి బదులు పటాలు కట్టే వేళ్ళు వెళ్ళాయి.

మొగుడు కిటికీ దగ్గరికి తిరిగొచ్చేసరికి అతని సంతోషం ఎగిరిపోయింది.

“ప్లైవుడ్‌లా ఉంది,” అన్నాడు. “నొక్కితే లోపలికి వెళ్ళడం లేదు. నొప్పి లేదంటోంది గానీ, గట్టిగా ఊపిరి కూడా పీల్చడం లేదు. పై పైనే పీలుస్తోంది.”

“చేతులు?”

“చల్లగా ఉన్నాయి.”

కోడలు కిటికీ ఊచ పట్టుకుంది.

“ఏమైంది? చెప్పు. నన్ను భయపెట్టకు,” అన్నాడతను.

ఆమె చెప్పింది. పొట్టలో పుండు పడి ఉంటుంది, అది ఇవాళ చిల్లుపడింది. చిల్లు పడగానే తిండి అరిగించే ఆమ్లం బయటికి కారి కడుపంతా నిప్పంటుకున్నట్టు మండుతుంది. పొద్దున ఆవిడ కేకలు అవే. ఆ మీదట ఒంట్లోని నీరే వచ్చి దాన్ని పలచన చేస్తుంది. కాసేపు హాయిగా ఉంటుంది. మనిషి లేచి కూర్చుంటుంది, టీ అడుగుతుంది. ఆ హాయి చూసి ఇంట్లోవాళ్ళు ఆస్పత్రి మానుకుంటారు. ఆ తర్వాత కడుపంతా చీము పడుతుంది. అప్పుడు తీసుకొచ్చిన వాళ్ళని ఆమె చాలామందిని చూసింది. వాళ్ళలో ఇంటికి తిరిగి నడిచి వెళ్ళినవాళ్ళు తక్కువ.

“ఎంతసేపుంటుంది ఆ హాయి?”

“ఎవరూ చెప్పలేరు. అది పోకముందే కొయ్యాలి.”

“పుండు ఎలా పడింది? నిన్నటిదాకా మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకేం లేదుగా.”

కోడలికి అప్పుడు తట్టింది. మోకాళ్ళ నొప్పులు. మోకాళ్ళకి మాత్రలు.

ఆపరేషన్ ఆగిపోయాక నొప్పులు భరించలేక అత్తగారు మాత్రలు అడిగింది. నేరుగా అడగదుగా, కొడుకుతో అడిగించింది. కోడలు తన సంచీలోంచి తీసి ఊచల మధ్యనుంచి ఇచ్చింది. తగ్గడం లేదంటోంది అని మొగుడు మళ్ళీ వస్తే, అంతకంటే ఘాటైనవి ఇచ్చింది. తాను తప్పు చేశానన్న బాధ ఉంది కదా మనసులో, ఆ బాధకి మందుగా ఆ మాత్రలు ధారాళంగా ఇచ్చింది. తిండి తిన్నాక మాత్రమే వేసుకోవాల్సిన మాత్రలవి.

“మీ అమ్మ అన్నం తింటోందా?” అని అడిగింది.

మొగుడు సందు చివరికి చూశాడు.

“నిన్నే. పళ్ళేలు కడిగేది నువ్వేగా.”

“సరిగ్గా తినడం లేదు,” అన్నాడు చివరికి. “కెలికి వదిలేస్తోంది. కడుపులో మంటగా ఉందంటోంది.”

“ఎన్నాళ్ళనుంచి?”

“చాలా రోజులనుంచి. నేను అలక అనుకున్నాను. నీ మీద కోపంతో తినడం లేదనుకున్నాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను?” అతని గొంతు మొదటిసారి లేచింది. “మా అమ్మ నీ మీద అలిగి అన్నం మానేసిందని చెప్పనా? నువ్వు ఆ గదిలో ఒక్కదానివీ కూర్చుని ఏడవడానికా? నువ్వు అడిగావా? రోజూ మాత్రలు చేతిలో పెట్టావే, ఒక్కరోజైనా ఆవిడ తిన్నదా అని అడిగావా?”

అడగలేదు. ఆస్పత్రికి వచ్చిన ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ, ఏమైనా తిన్నాకే వేసుకోండి, అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టే మనిషి, తన ఇంట్లో మనిషికి చెప్పలేదు. మాటల్లేవు కనక ఆ మాట కూడా లేదు. పాలవాణ్ణి, పక్కింటివాళ్ళని, దారిన పోయేవాళ్ళని కూడా తిన్నారా అని పలకరిస్తామే, ఇల్లంతా కలిసి ఆ ఒక్క మాట మానేసింది. ఇద్దరు ఆడవాళ్ళ పంతం అత్తగారి కడుపుకి చిల్లు పెట్టింది.

ఆమెకి తల ఆ ఊచలకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోవడానికి కూడా తీరిక లేదు.

“నువ్వు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి. నేను ఆస్పత్రికి చేస్తాను,” అంది.

ఆస్పత్రిలో మిగిలిన సర్జన్ ఒక్కడే. మిగతావాళ్ళు కొందరు మంచాన ఉన్నారు, కొందరు జ్వరం వార్డులో ఉన్నారు. ఆ ఒక్కడినీ అందరూ నిదానం అంటారు. ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. చెయ్యి మంచిది. కానీ ఏ ముడి వేసినా ఒకసారి తలెత్తి ఆమె వంక చూస్తాడు, ఆమె తలూపితే గాని దారం కత్తిరించడు. ఆ చూపు మాన్పించాలని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. మాన్పించేలోపే ఆపరేషన్లు ఆగిపోయాయి.

చిల్లు సంగతి చెప్పగానే అతను వేయాల్సిన ప్రశ్నలన్నీ వరసగా వేశాడు. థియేటర్ సిద్ధం చేయిస్తానన్నాడు. మత్తు ఇవ్వడానికి వేరే ఆస్పత్రినుంచి ఒకావిణ్ణి పిలిపిస్తానన్నాడు. అంతా చెప్పాక, “మేడమ్, ఇది నేను ఒక్కణ్ణీ ఎప్పుడూ చెయ్యలేదు,” అన్నాడు.

“తెలుసు.”

“మీరు ఎదురుగా నిలబడేవారు.”

“ఇప్పుడు నిలబడలేను. నువ్వు చెయ్యగలవు. నేనంటున్నానుగా.”

“తీసుకురండి మేడమ్. తొందరగా,” అన్నాడు నిదానం.

ఫోన్ పెట్టేసి ఆమె బల్ల మీదున్న స్పిరిట్ సీసా మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని గుండెలనిండా పీల్చింది. ఆ వాసన ఆమెకి చిన్నతనం నుంచి ఇష్టం. థియేటర్ అంటే ఆ వాసనే. పొద్దున లేవగానే సబ్బు వాసన తెలియకపోతే, జలుబేమో అనుకుని ఈ సీసా తీసి చూసింది. అప్పుడూ ఏ వాసనా రాలేదు, ఇప్పుడూ రాలేదు. నీళ్ళు పీల్చినట్టుంది. పరీక్ష ఫలితం ఇంకా ఎవరూ చెప్పలేదు గానీ, జబ్బు అంటుకుందని ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ మాట మొగుడితో అందామనుకునేలోపే హాల్లోంచి అత్తగారి కేక వినిపించింది. అప్పటినుంచీ ఎవరికీ చెప్పే సందు దొరకలేదు.

సీసా మూత బిగించి మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చింది.

హాల్లో అప్పటికే యుద్ధం మొదలైంది. అంబులెన్స్ వస్తోందని కొడుకు చెబితే అత్తగారు నిప్పులు చెరుగుతోంది. ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు ఎవరు తిరిగొచ్చారో చెప్పమంది. వెనకవీధి టైలర్ వెళ్ళాడు, వచ్చాడా? మేడమీది ముసలాయన వెళ్ళాడు, వచ్చాడా? కనీసం ముఖమైనా చూపించారా? ఆవిడ ఇప్పుడు శుభ్రంగా ఉంది. టీ తాగి కాసేపు నడుం వాల్చితే పూర్తిగా సర్దుకుంటుంది.

“టీ ఇవ్వకూడదట అమ్మా,” అన్నాడు కొడుకు.

“చూశావా? తినలేదని ఒక ఏడుపు, తాగుతానంటే ఇంకో ఏడుపు. మోకాలు కొయ్యమంటే కొయ్యరు, పొట్ట బాగుందంటే పొట్ట కోస్తారట. ఏం మనుషులురా మీరు?”

ఇంకో రోజయితే కోడలు నవ్వేది. అత్తగారి మాట అలాంటిది, తిట్లు తింటున్నవాడికి కూడా నవ్వొస్తుంది.

మొగుడు బతిమాలాడు, కసిరాడు, పాప మీద ఒట్టు పెట్టాడు. ఏదీ ఆవిడ చెవికెక్కలేదు. చివరికి అంబులెన్స్‌వాళ్ళు ఫోన్ చేసి ఇల్లు కనపడడం లేదన్నారు. జబ్బు పాకకుండా సందులన్నిటికీ అడ్డంగా కర్రలు కట్టేసి ఉన్నాయి. దారి చూపించడానికి అతను వీధి చివరికి పరుగెత్తాడు.

తలుపుకి అటొకరు, ఇటొకరు మిగిలారు.

“అత్తయ్యా,” అంది కోడలు.

కుర్చీ కిర్రుమంది. ఆవిడ వింటోంది.

“మీరు నాతో మాట్లాడక్కర్లేదు. వినండి చాలు. మీ మోకాళ్ళు ఆపమని చెయ్యెత్తింది నేనే. మళ్ళీ అడిగినా ఎత్తుతాను. అప్పుడు మంచాలు లేవు. కానీ మీకు ఆ సంగతి నేను చెప్పాల్సింది. పరాయివాడి చేత చెప్పించుకున్నారు మీరు. అది నా తప్పు. మాత్రలిచ్చాను, తిన్నారా అని అడగలేదు. అది అంతకంటే పెద్ద తప్పు. మీ కడుపులో చిల్లు నా చేతులతో నేనే పెట్టాను. ఇప్పుడు మీరు ఆస్పత్రికి వెళ్ళకపోతే ఈ తలుపు వెనక నిలబడి మీరు పోవడం నేను వింటాను. నా వల్ల కాదు అత్తయ్యా.”

గోడకి కూడా ఏం చెప్పాలో అత్తగారికి తోచినట్టు లేదు.

“నిజంగా అంత ముదిరిందా?” అంది ఆఖరికి.

గోడతో కాదు, కొడుకుతో కాదు. కోడలితో.

“ముదిరింది.”

“కొయ్యకపోతే?”

కోడలు ఏమీ అనలేదు. సర్జన్ ఊరుకుంటే దాని అర్థమేమిటో ఇన్నేళ్ళు కోడలితో కలిసి ఉన్న అత్తగారికి తెలుసు.

“ఎవరు కోస్తారు?”

“మా నిదానం ఉన్నాడు. మంచి పనివాడు. నేనే నేర్పాను.”

“వద్దు,” అంది అత్తగారు. మొండితనం కాదది. ఆ గొంతులో భయం ఉంది, ఆవిడ నోట భయం ఎప్పుడూ వినలేదు కనక కోడలు ముందు పోల్చుకోలేదు. “వాడెవడో నాకు తెలియదు. కళ్ళు మూసుకుంటే మళ్ళీ తెరుస్తానో లేదో. తెలియని చేతుల్లో కళ్ళు మూసుకోలేను. నువ్వు కోస్తానంటే వస్తాను.”

“అత్తయ్యా...”

“నీతో మాట్లాడలేదనుకున్నావు గానీ, నీ గురించి మాట్లాడడం మానలేదు. మా కోడలి చెయ్యి పడితే పోయే ప్రాణం ఆగుతుందని వీధిలో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు నా పొట్ట ఇంకెవరికో అప్పజెబితే నేను చెప్పినవన్నీ ఏమైపోతాయి? నువ్వే కొయ్యి. లేకపోతే నన్ను ఇక్కడే వదిలెయ్యి.”

కోడలు నుదురు తలుపుకి ఆనించింది. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నాకు వచ్చేసింది అత్తయ్యా, నేను మీ దగ్గరికి రాకూడదు. ఆ మాట అంటే ఆవిడ కుర్చీలోంచి కదలదు. ఇప్పుడు పోతున్న ఒక్కొక్క నిమిషం అత్తగారి ఆయుష్షులోంచి పోతోంది. కదలాలంటే అబద్ధం కావాలి. మోకాళ్ళ విషయంలో నిజం దాచి ఇంత చేసుకుంది. మళ్ళీ అదే పని చెయ్యబోతోందని తెలుసు.

“నేనే కోస్తాను. పదండి,” అంది.

కుర్చీ మళ్ళీ కిర్రుమంది. అడుగుల చప్పుడు వినిపించింది. ఆ అరిగిన మోకాళ్ళతో, ఆ బిగిసిన పొట్టతో అత్తగారు గోడ పట్టుకుని వస్తోంది. నడవద్దు, అక్కడే ఉండండి, అని కోడలు అంటూనే ఉంది. ఆవిడ వినలేదు. తలుపు దగ్గరికొచ్చి ఆగింది. చాలాసేపు ఆయాసపడింది. తర్వాత నెమ్మదిగా, ఎముకలన్నీ చప్పుడు చేస్తుండగా, నేలమీదికి వంగి కూర్చుంది.

తలుపు కిందినుంచి తాళంచెవి లోపలికి వచ్చింది. దారంతో సహా. దారం ఇంకా వెచ్చగా ఉంది.

“తీసుకో,” అంది అత్తగారు, అంత దగ్గరినుంచి, చెవిలో చెప్పినట్టు. “నువ్వొస్తేనే బండెక్కుతాను. నీ మొగుడు అరిచినా ఎక్కను.”

“సరే అత్తయ్యా.”

“అమ్మాయ్.”

ఆ పిలుపు కోసం ఎన్నాళ్ళుగా ఎదురుచూసిందో ఆ క్షణం వరకూ కోడలికే తెలియదు.

“పొద్దుటినుంచీ నా గోలతో సరిపోయింది. నువ్వేమైనా తిన్నావా?”

కోడలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“లేదు కదూ. ముందు ఏదైనా కాస్త నోట్లో వేసుకునే రా. కొయ్యబోయే చెయ్యి వణక్కూడదు,” అంది అత్తగారు.

వీధి మలుపులో అంబులెన్స్ కూత వినిపించింది. ఇటండీ, ఇటు, అని మొగుడు అరుస్తున్నాడు. పాప లోపలి గదిలోంచి నాన్నా అని పిలుస్తోంది.

కోడలు తాళంచెవి తలుపు రంధ్రంలో పెట్టింది. ఇన్నాళ్ళూ ఈ చెవి చేతికొస్తే చాలనుకుంది. తిప్పితే, తలుపుకి ఆనుకుని కూర్చున్న ఆ మనిషి ముఖం మీద తన ఊపిరి పడుతుంది. తిప్పకపోతే, ఆ మనిషి అక్కడినుంచి లేవదు.

అవతల అత్తగారు చిన్నగా మూలిగింది. పొద్దున వినిపించిన మూలుగే. హాయి అయిపోయింది.

“తాళం తిరగడం లేదా అమ్మాయ్?” అని అడిగింది.